ఆటోలో చదివిన బుధవారం పేజీ

పత్రిక ఉద్యోగం నుంచి బయటికొచ్చాక ఊరికే కూర్చోలేక గుంటూరులో ఇంటి ముందు గదిలోంచి ఒక వెబ్‌సైటు నడపడం మొదలుపెట్టాను. మొదట్లో దాన్ని బ్లాగు అనేవాళ్లు. మిరప, పత్తి, వాటి చుట్టూ బతికే మనుషులు, అంతే అందులో ఉండేది. మిగతా రోజులు ఏం రాసినా రాయకపోయినా బుధవారం మాత్రం ఒక పేజీ తప్పేది కాదు. ఏ ఊళ్లో మిరప కోతకొచ్చింది, ఎక్కడ ఇంకా పది రోజులు పడుతుంది, ఎక్కడ తెగులు తగిలి చేను పీకేస్తున్నారు. పాత విలేకరి మిత్రులకు ఫోన్లు చేసి, ఇటు పెదకాకాని దగ్గర్నుంచి అటు పొదిలి దాకా కనుక్కుని రాసేవాణ్ణి. రాశాక దాని లింకును వాట్సాప్‌లో నా దగ్గరున్న నంబర్లన్నిటికీ పంపేవాణ్ణి. అక్కణ్నుంచి అది ఎవరెవరి చేతుల్లోకి వెళ్లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో ఉంది. ఒకసారి సెలవుకొచ్చి, నేను రాసుకుంటుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

"బాబాయ్, లింకు నొక్కినవాడు చదివి వెళ్లిపోతాడు. మళ్లీ వస్తాడో రాడో నీకు తెలీదు. అదే యాప్ అనుకో, వాడి ఫోన్లోనే ఉంటావు. కొత్తది రాయగానే మోగుతుంది."

"మోగితే విసుక్కోరూ?"

"నువ్వు రాసేదే వారానికొకటి. దానికే విసుక్కునేవాడు నీకు పాఠకుడేంటి?"

ఆ మాట నాకు నచ్చింది. పత్రికలో పనిచేసినవాళ్లకు చందాదారు అనే మాట మీద ఒక మమకారం ఉంటుంది. కొట్లో పేపరు కొనేవాడు ఇవాళ కొంటాడు, రేపు బీడీ కట్ట కొనుక్కుని పోతాడు. చందాదారు మనవాడు. యాప్ అంటే ఇంటింటికీ చందా అన్నట్టే అర్థమైంది నాకు.

ఆ అమ్మాయి ఆరు నెలల ఆదివారాలు దాని మీదే పెట్టింది. నా కళ్లకు ఆనేట్టు అక్షరాలు పెద్దవి చేసింది. ఒకసారి తెరిచిన పేజీ సిగ్నల్ లేని చోట కూడా కనపడేట్టు చేసింది. అంతా అయ్యాక ఒక చిక్కు చెప్పింది. వెబ్‌సైటులో మొత్తం దొరుకుతుంటే యాప్ ఎవరూ పెట్టుకోరట. కాబట్టి అక్కడ మొదటి నాలుగు లైన్లే ఉంచి మిగతాది యాప్‌లో చూడమనాలి. ఆలోచన తనదే అయినా సరేనన్నది నేను.

తర్వాత చందాలు కట్టించడానికి తిరిగినట్టే తిరిగాను. పొదిలిలో పురుగుమందుల కొట్టు దగ్గర రైతులు నలుగురు చేరితే అక్కడికి వెళ్లి, ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని నా చేత్తోనే యాప్ పెట్టి ఇచ్చాను. ఎవరూ కాదనలేదు. "మీరడిగితే కాదంటామా సార్, పెట్టండి" అని తాళం తీసి మరీ ఇచ్చారు. ఒకాయన టీ కూడా తెప్పించాడు. బస్సులో తిరిగొస్తూ ఆ రోజు బాగా గడిచిందనుకున్నాను.

మర్నాడు మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది.

"నిన్న ఎక్కడికెళ్లావు బాబాయ్?"

"పొదిలి. ఏం?"

"పొద్దున పెట్టుకున్నవాళ్లలో సగం మంది సాయంత్రానికి తీసేశారు. అక్కడేమైనా గొడవైందా?"

గొడవేం లేదు. మావైపు పెద్దవాడు చెయ్యి చాపి ఫోన్ అడిగితే ఇవ్వననరు. నేను బస్సెక్కేదాకా ఆగి తీసేశారంటే అది వాళ్ల మర్యాద. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పడానికి తంటాలు పడ్డాను. తీసేసినవాళ్ల లెక్క కూడా కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. పత్రికలో అది కనపడేది కాదు. పేపరు వాకిట్లో పడితే చదివినట్టే అనుకునేవాళ్లం.

కోతలు ముమ్మరమయ్యే రోజుల్లో ఒక మేస్త్రమ్మకు ఫోన్ చేశాను. పెదకాకాని అవతల ఒక పల్లెలో ఉంటుందామె. పన్నెండు మంది ఆడవాళ్ల ముఠాను తెల్లారుతూనే ఆటోలో మిరప కోతకు తీసుకెళ్తుంది. నా పేజీకి వార్త చెప్పేవాళ్లలో ఒకరు, చదివేవాళ్లలోనూ ఒకరు. అంతవరకే నాకు తెలుసు.

"ఈ వారం ఎటు పోతున్నారమ్మా?"

"యాడికి పోవాలో తెలిస్తే గదా సార్. మొన్న పోయిన ఊళ్లో కాయ పండనే లేదు. రైతు రేపు, ఎల్లుండి అంటన్నాడు. అందరం ఉత్తచేతుల్తో తిరిగొచ్చాం."

ఏ ఊరని అడిగాను. చెప్పింది.

"ఆ ఊరు ఇంకో పది రోజులు పడుతుందని బుధవారం రాశాను కదమ్మా."

"రాశారేమో సార్. నాలుగు లైన్లొచ్చి ఆగిపోతంది. ఆ తర్వాతది యాప్ పెట్టుకుంటే చూపిస్తదంట."

"పెట్టుకోలేకపోయావా?"

"చోటు లేదంటంది. ఉన్న ఫోను ఒకటి. పిల్లల చదువు అందులోనే, మా ఆయన వీడియోలు అందులోనే, చర్చి పాటలు అందులోనే. ఏది తీసెయ్యమంటారు?"

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెప్తే మీరే వచ్చి ఏదో ఒకటి తీసేసి పెట్టిపోయేవోళ్లు. పొదిలి సంగతి ఆ నోటా ఈ నోటా మాకూ తెలిసిందిలే."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పన్నెండు మందికి ఒక రోజు కూలి పోయింది. కాయ పండలేదన్న వార్త నా దగ్గర ముందే ఉంది. దాన్ని అయిదో లైనులో పెట్టి తలుపేసింది నేను.

అప్పుడే ఇంకో సంగతి చెప్పింది. "నా ఒక్కదాని కోసం కాదు సార్. ఆటోలో అందరికీ నేనే చదివేదాన్ని. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నేనే గదా, ఆటో మోతలో కూడా నా గొంతు వినపడతది. మా పెద్దమ్మ ఒకామె మీకు వంకలు పెట్టేది. 'ఈయనెప్పుడన్నా ఎండలో కాయ కోశాడా' అనేది. అయినా చెవి ఇటే పెట్టేది."

టీ హోటల్ బల్ల మీద పేపరు గుర్తొచ్చింది. ఒకటే పేపరు, నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉండేది. చదవడం రానివాడు చదివేవాడి పక్కన కూర్చునేవాడు. మా లెక్కల్లో అది ఒక్క కాపీ. లెక్కకు అందని వాళ్లే ఎక్కువని మీటింగుల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఉద్యోగమంతా ఆ మాట చెప్పినవాణ్ణి, నా వంతు వచ్చేసరికి ఒక్కొక్కరినీ విడివిడిగా చందాదారును చెయ్యబోయాను. లింకు ఆ బల్ల మీద పేపరు. యాప్ ఎవరి జేబులో వాళ్లకే ఉండేది.

మా అన్నయ్య కూతురికి ఈ సంగతి చెప్పడం కష్టమైంది.

"నా ఆదివారాలు బాబాయ్," అంది అంతా విని.

"తెలుసమ్మా."

"యాప్ బాగానే పనిచేస్తోంది కదా."

"బాగుంది. నేను దాన్ని తప్పనటం లేదు. రెండో తలుపు తెరిచి, మొదటిది మూశాం. అది తప్పు."

ఆ మధ్యాహ్నమే వెబ్‌సైటులో పేజీ మొత్తం కనపడేట్టు చేసింది. యాప్ కూడా ఉంచింది. దానికీ మనుషులున్నారు. ఒక విత్తనాల కొట్టాయన, రిటైరైన వ్యవసాయాధికారి, సొంత ఫోన్లూ తీరికా ఉన్న మరికొందరు. మోగగానే తెరుస్తారు, నా అచ్చుతప్పులు వెంటనే రాసి పంపిస్తారు. అలాంటివాళ్లకు అదే సుఖం.

తర్వాతి బుధవారం మేస్త్రమ్మకు లింకు పంపి, మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"వచ్చింది సార్. మొత్తం వచ్చింది."

"ఆటోలో చదివావా?"

"లేదు సార్. మధ్యలో ఇన్ని వారాలు ఏం లేదు గదా, ఆటో ఆయన పాటలు పెట్టడం మొదలుపెట్టాడు. మా వోళ్లు వాటికి అలవాటు పడ్డారు. చదువుతానంటే ఆగమంటన్నారు. ఊరి పేరు, కాయ పండిందా లేదా, అంతవరకు నేను చూసుకుని చెప్తన్నా."

"మీ పెద్దమ్మ?"

"ఆమె నిద్దరపోతంది."

"మరి మిగతాది?"

"మిగతాది మీరు బాగానే రాస్తారు సార్. తీరికున్నప్పుడు చూస్తాలే."

ఇప్పుడు బుధవారం పేజీలో ఊళ్ల పేర్లు, కాయ సంగతి మొదటి నాలుగు లైన్లలోనే వస్తాయి. మిగతాది వాటి కింద రాస్తున్నాను.