పేరు రాసిన పెట్టె

న్యూ లిన్ స్టేషన్లో రైలెక్కితే, నా పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్ళో చెక్కపెట్టె ఉంది. మూత నిండా కుంచె ఎత్తకుండా తిప్పిన మెలికల పువ్వులు, వాటి నడుమ ఒక పేరు.

"ఎవరు వేశారండీ?" అన్నాను, వచ్చీరాని ఇంగ్లీషులో.

"నేనే. మా నార్వేలో పెళ్ళికూతురికి ఇలా పేరు రాసి ఇస్తాం. మనవరాలికిచ్చాను. ఇవాళ పొద్దున పాత సామాన్లమ్మే ఆప్ షాపులో, ఎవరెవరో వదిలించుకున్న సామాన్ల మధ్య కనిపించింది."

"పోనీలెండి, మీ దగ్గరికే వచ్చింది" అన్నాను.

ఆవిడ నవ్వింది. "నాకెందుకు? మీవాళ్ళలో ఇంగ్రిడ్ అనే పిల్ల ఎవరైనా ఉందా?"

లేదన్నాను. తర్వాతి స్టేషన్లో పెట్టె చంకన పెట్టుకుని దిగిపోయింది.

మొన్న నా మనవరాలికి బొంత కుట్టాను. అంచుల నిండా పువ్వులు కుట్టాను గానీ, పేరు మాత్రం కుట్టలేదు.