కంప్యూటర్ వెనకాల దోసెల పిండి

మా చిన్నప్పుడు గ్లాస్గోలో... నాన్న కంప్యూటర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని అగరొత్తి వెలిగించారు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దానికి పూజేంటండీ? దేవుడు అటు గదిలో ఉంటే..."

"పూజ కాదే. గాలి ఎటు పోతోందో చూస్తున్నా."

ఆ కంప్యూటర్ నాన్న సొంతంగా బిగించింది. మూడు శని, ఆదివారాలు హాలంతా స్క్రూలు పరిచి, మమ్మల్ని అటు తొంగి చూడనివ్వకుండా తయారు చేశారు. ముందున్న ఫ్యాను చల్లగాలిని లోపలికి లాగాలి, వెనకున్న ఫ్యాను వేడిగాలిని బయటికి తొయ్యాలి... అదీ లెక్క. అగరొత్తి పొగ ముందు నుంచి దూరి వెనక నుంచి బయటికొచ్చేసరికి నాన్న మొహం చూడాలి! ఆ సంబరంలో ఉండగానే పైన స్మోక్ అలారం మోగింది.

నాకు మాత్రం ఆ కంప్యూటర్ అంటే ఒక్కటే... శనివారం మధ్యాహ్నం కార్ల రేసు. వారమంతా దాని కోసమే స్కూలుకి వెళ్లేదాన్ని.

అమ్మ బాధ వేరే. ఆ చలికి దోసెల పిండి పులిసేది కాదు. వేణ్నీళ్ల బాయిలర్ ఉండే అల్మారాలో పెట్టింది, పాత శాలువా చుట్టింది, చివరికి దుప్పట్లో పడుకోబెట్టింది... మేం కూడా ఎప్పుడూ అంత వెచ్చగా పడుకోలేదు. అయినా పొద్దున చూస్తే పిండి పెట్టింది పెట్టినట్టే ఉండేది. దోసెలు అట్టముక్కల్లా వచ్చేవి. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషి... పాపం, ఫోన్లో అక్కచెల్లెళ్లకి చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయేది.

ఉన్నట్టుండి ఒక ఆదివారం దోసెలు అదిరిపోయాయి. ఒళ్లంతా చిల్లులు, అంచులు కరకర... నాన్న ఆరు లాగించారు. ఏం చేశావే అని అడిగితే, "చెయ్యి తిరిగిందిలెండి" అంది అమ్మ.

సరిగ్గా ఆ నెల నుంచే కంప్యూటర్ దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. అదీ శనివారాలే... అదీ నేను ఆడుతుండగానే.

"ఆ రేసులకి వేడెక్కి చస్తోంది. ఇంక గేములు లేవు, గీములు లేవు!" అన్నారు నాన్న.

"ఇట్స్ నాట్ మై ఫాల్ట్, డాడ్!" అని గ్లాస్గో యాసలో బావురుమన్నాను. తెలుగులో తిడితే ఇంగ్లీషులో ఏడవడం అప్పట్లో నా పద్ధతి.

అసలు దొంగ ఎవరో ఆ సాయంత్రమే తెలిసింది. పడిపోయిన పెన్సిల్ కోసం బల్ల కిందికి దూరితే... కంప్యూటర్ వెనక, వేడిగాలి వచ్చే చిల్లులకి గట్టిగా ఆనించి, శాలువా కప్పుకుని కూర్చుంది అమ్మ స్టీలు గిన్నె! లోపల పిండి మూతని పైకి నెడుతోంది. ఇంక గాలికి బయటికొచ్చే దారేదీ?

తల తిప్పితే వెనకాలే అమ్మ.

"నాన్నతో అన్నావంటే రేపటి నుంచి టోస్టే."

నోరు మూసుకున్నాను. న్యాయం కంటే కొబ్బరి చట్నీ గొప్పదనిపించే వయసు మరి. అయినా రేసు తలుచుకుంటే రాత్రి దుప్పటి కింద ఏడుపొచ్చేది.

అమ్మ ఒక్కటి ఆలోచించలేదు... గేమ్ లేకపోతే కంప్యూటర్ వేడెక్కదు. నాన్న నాలుగు ఉత్తరాలు టైపు చేసుకుంటే వచ్చే వేడికి పిండి ఏం పొంగుతుంది? రెండు వారాల్లో దోసెలు మళ్లీ అట్టముక్కలయ్యాయి. అప్పుడు చూడాలి వింత... గేములంటేనే మండిపడే మా అమ్మ, నా తరఫున వకాల్తా పుచ్చుకుంది.

"పిల్ల మొహం ఎట్లా పీక్కుపోయిందో చూడండి. కాసేపు ఆడుకోనివ్వండి!"

నాన్నకి అనుమానం వచ్చింది. సరే ఆడమని, పక్కనే అగరొత్తి వెలిగించుకుని కూర్చున్నారు. పొగ ముందు నుంచి లోపలికి వెళ్లింది... వెనక నుంచి రాలేదు. కాసేపటికి దిక్కుతోచనట్టు ముందు నుంచే బయటికొచ్చింది. నాన్న టార్చి పట్టుకుని బల్ల వెనక్కి వంగారు.

వంటింట్లో ఉల్లిపాయలు తరిగే చప్పుడు ఆగిపోయింది. నా కారు గోడకి గుద్దుకుంది.

నాన్న గిన్నె బయటికి తీశారు. మూత ఎత్తారు. వాసన చూశారు.

"బాగానే పొంగుతోందే..." అని, అమ్మ వైపు తిరిగారు. "ఇట్లా ఆనించి పెడితే ఎట్లాగే? జానెడు దూరం ఉండొద్దూ?"

అంతే... ఇంజినీరుకి పూనకం వచ్చింది. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలు కత్తిరించి, టేపు చుట్టి, వేడిగాలి గిన్నె పక్క నుంచి పోయేలా ఓ సొరంగం కట్టారు. ఎవరి వంతు ఏంటో రాసి ఫ్రిజ్ మీద రోటా అంటించారు. శనివారం రుబ్బడం అమ్మ, గిన్నె పెట్టడం నాన్న, రేసు ఆడడం నేను! ఆ తర్వాత కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. దోసెలకి కాస్త మల్లెపూల అగరొత్తి వాసన వచ్చేది గానీ ఎవరం పట్టించుకోలేదు. అమ్మ మాత్రం అస్తమానం వచ్చి మూత ఎత్తి చూసి, "ఇంకా పొంగలేదు, ఇంకో గంట ఆడవే తల్లీ" అనేది.

ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో నేనూ సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాను. అద్దాల పెట్టె, ఆరు ఫ్యాన్లు, నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు... పోయిన నెల అమ్మానాన్నలు వస్తే గొప్పగా చూపించాను. నాన్న అగరొత్తి ఉందా అని అడిగారు. అమ్మ వెనకాల అరచెయ్యి పెట్టి చూసి పెదవి విరిచింది.

"చల్లగా ఉందేంటే... ఇది దేనికి పనికొస్తుంది?"

నిజమే. మా ఇంట్లో పిండి ఇప్పుడు షాపు నుంచి ప్యాకెట్లో వస్తోంది, పొంగే వస్తోంది. చలిదేశాల్లో ఉన్నవాళ్లూ, మీ ఇళ్లల్లో పిండి గిన్నె ఎక్కడ దాక్కునేదో కాస్త చెప్పండి... చదివి నవ్వుకుంటాను.

శనివారం గేమ్ ముందు కూర్చుంటే "ఇంకెంతసేపు?" అనేవాళ్లు ఇంటినిండా ఉన్నారు. "ఇంకో గంట ఆడవే తల్లీ" అనేవాళ్లే లేరు...