మా నల్లవ్వకు తెచ్చిన తెల్ల మొహం

దగ్గరికి జరగండి. ఆ చాప ఇటు లాక్కుని నా పక్కనే కూర్చోండి, సముద్రపు గాలికి మాట సగం దారిలోనే ఎగిరిపోతుంది. నేను చదివింది రెండో తరగతి, అదీ సగం. కానీ చూసినదాన్నీ విన్నదాన్నీ జారవిడిచే తల కాదు నాది. మా ఇంటికి నిప్పూ నీళ్ళూ ఆగిపోవాల్సిన రోజొకటి వచ్చింది. సినిమా వాళ్ళ మూలంగా వచ్చింది. ఆ సంగతి చెబుతాను.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్త. జువ్వలదిన్నెకు కూతవేటు దూరంలో మా పాలెం. అప్పటికి నా చంకలో పాలు తాగే బిడ్డ. ఇంట్లో నా పెనిమిటి, మా అత్త, మా ఆడబిడ్డ. ఆడబిడ్డ మా ఆయనకు అక్క, నేను వదినా అనేదాన్ని. ఆమె నలుపు అంతా ఇంతా కాదు. నూనె పెట్టిన పడవ అడుగులా నిగనిగలాడేది. అల్లూరు వైపు ఇచ్చారు. "పసుపు పట్టించి కూర్చోబెట్టి మమ్మల్ని మోసం చేసినారు" అని కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకే తిరిగి పంపేశారు. అప్పటినుంచీ వల లాగడంలో మగవాళ్ళతో సమానంగా నిలబడేది. చిన్నా పెద్దా కాకి అనీ బొగ్గు అనీ పిలిచినా పలికేది. పలికేది గానీ, లోపల ఏమనుకునేదో.

మా పాలెంలో నలుపుకు విలువున్న చోటు ఒకటే ఉంది, నల్లవ్వ కథ. కొత్త పడవ నీళ్ళలోకి దించే రోజు ఆడవాళ్ళం పడవ చుట్టూ కూర్చుని ఆ కథ చెప్పుకుంటాం. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఓడ వాళ్ళు వచ్చి పాలెం మగవాళ్ళను కట్టేసి ఓడెక్కించారట. బొగ్గు అని అత్తింట్లో అందరూ వెక్కిరించిన కోడలొకతె పొద్దు వాలాక జుట్టు విరబోసుకుని నీళ్ళలో దిగింది. ఓడ మీద నాలుగు పక్కలా కాపలా. ఆమె నలుపు నీళ్ళ నలుపులో కలిసిపోయింది, ఒక్కడికీ కనపడలేదు. లంగరు తాడు కోసింది. ఓడ కొట్టుకొచ్చి ఇసుకమేటలో దిగబడింది, మనవాళ్ళు బయటపడ్డారు. అదీ కథ. మా అత్త చెబుతుంటే మా ఆడబిడ్డ అందరికన్నా ముందు కూర్చునేది. ఆ పూట ఆమెను ఎవరూ కాకి అనేవాళ్ళు కాదు.

ఈ కథను అల్లూరు బడిపంతులొకాయన మా అత్త నోట విని పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకం చదివి మద్రాసు నుంచి సినిమా వాళ్ళు దిగారు. పెద్దకాపు, అంటే మా పాలేనికి పెద్ద, మా అత్తకు సొంత అన్న, ఎదురెళ్ళి మాట ఇచ్చాడు. పడవలు మావి, మనుషులం మేము, ఏ లోటూ రానివ్వం అన్నాడు. మన అవ్వ కథ తెర మీద ఆడుతుందంటే ఎవరికి ముద్దు కాదు?

డైరెక్టరు మంచి మనిషే. ఒడ్డున వల లాగుతున్న మా ఆడబిడ్డను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఈమే. నాకు ఈమే కావాలి" అన్నాడు.

ఆమె ఆ రోజు ఇంటికొచ్చి తలంటుకుంది. అద్దంలో చూసుకోవడం నేను మొదటిసారి చూశాను. నన్ను చూసి, "ఏంది మే అట్టా చూస్తావు? అవ్వకు జడుంటాదా, ముడుంటాదా?" అని నవ్వింది.

మర్నాడు కారు దిగింది హీరోయిన్. పాలమీగడ లాంటి పిల్ల. అప్పుడు తెలిసింది అసలు సంగతి. అవ్వ ఆ పిల్ల. మా ఆడబిడ్డ చేయాల్సింది ఈత మాత్రమే. వెనక నుంచి వీపు, చేతులు, జుట్టు తీస్తారు. తల తిప్పితే ఆ పిల్ల మొహం వస్తుంది.

మా ఆడబిడ్డ ఆ పిల్లను కింది నుంచి పైదాకా చూసింది. "కథ ఎవురిది సారూ?" అంది.

"మీదేనమ్మా."

"పుస్తకంలో ఏమని ఉండాది?"

"నలుపనే ఉంది. నేను కాదనడం లేదు."

"మరి?"

"పుస్తకం చదివేవాడు నలుపును మనసులో చూసుకుంటాడమ్మా. తెర మీద కంటికి కనపడాలి. పొద్దు వాలాక నల్లటి మొహం నా కెమెరాకు అందదు. అందినా, నల్ల మొహం హీరోయిన్ అంటే ఈ సినిమా ఎవరూ కొనరు. జనం వచ్చేది చూడటానికి."

మా అత్త ఊరుకోలేదు. "నాయనా, తెల్లపిల్ల ఈదుకుంటా పోతే ఓడ మీదోళ్ళకు కనపడదా? నీ ఓడలో అందురూ గుడ్డోళ్ళా?"

ఆయన నవ్వి కెమెరా వైపు తిరిగాడు. మా ఆడబిడ్డ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది. "నా వీపు ఆమె మొహానికి అతకదు సారూ. నేను ఈదను" అని ఇంటికి వచ్చేసింది.

సాయంత్రానికి పెద్దకాపు మనుషుల్ని పోగేశాడు. మాట ఇచ్చి తప్పాడన్న పేరు ఆయన భరించలేడు. అందరి ముందూ నిలబడి దురాయి వేశాడు. దురాయి అంటే మీకు తెలియకపోవచ్చు. పాలెం పెద్ద నలుగురిలో దురాయి అని ఒక మాట కడితే, ఎవరూ దాన్ని దాటకూడదు. దాటిన ఇంటికి నిప్పు ఇవ్వరు, బావిలో చేద వేయనివ్వరు, ఆ ఇంటి తెప్ప సముద్రాన్ని ముట్టకూడదు. కట్టిన నోరే మళ్ళీ విప్పాలి.

"ఇది దురాయి. రేపు పొద్దుగూకే లోపల సినిమావోళ్ళ పని అయిపోవాల. దాన్ని మాటతో గానీ చేత్తో గానీ ఎవురు చెడగొట్టినా ఆ ఇంటికి నిప్పూ నీళ్ళూ లేవు" అన్నాడు. అని మా ఆడబిడ్డ వైపు చూశాడు. "నా మేనకోడలైనా సరే."

ఇంట్లో కుండ దించిన పాపాన ఎవరూ పోలేదు. మా ఆయన గోడకు తల కొట్టుకున్నంత పని చేశాడు.

"వీపే కదక్కా అడిగినారు? వీపు చూపిస్తే ఏం కరిగిపోతావా? రేపటినుంచీ తెప్ప కదలకపోతే బిడ్డకు ఏం పెడతాను, ఇసకా?"

"మొహం పనికిరానిదానికి వీపు మాత్రం దేనికిరా?" అంది ఆమె. గొంతు పెంచలేదు.

మా అత్త అటు కూతుర్ని, ఇటు అన్నను తలుచుకుని పమిట నోట్లో కుక్కుకుంది. నేను బిడ్డను ఒళ్ళో వేసుకుని, ఎవరి పక్క మాట్లాడాలో తోచక కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నన్ను ఈ ఇంటికి తెచ్చుకుందే రంగు చూసి. "అక్క ఇట్టుండాది, కోడలన్నా కాస్త తెల్లగా ఉండాల" అన్నారట. ఆ రంగుతో వచ్చినదాన్ని, వదినకు ఏమని చెప్పను?

మర్నాడు మధ్యాహ్నం దాటాక పాలెం అంతా ఒడ్డుకు చేరింది. మేమూ వెళ్ళాం. వెళ్ళకపోతే అదో తప్పవుతుంది. మా ఆడబిడ్డ దిగననేసరికి డైరెక్టరు వేరే దారి పట్టాడు, పని ఆగలేదు గనక దురాయి ఇంకా మా మీద పడలేదు. ఆ పిల్లకే నల్లరంగు పూసి, నిలబడే లోతులోనే నీళ్ళలో దింపాడు. ఎండ ఉండగానే తీస్తే ఆ పిల్ల మొహమూ పడుతుంది, కథకు నలుపూ కుదురుతుంది అనుకున్నాడేమో. పెద్ద పడవకు చెక్కలు కొట్టి ఓడలా కట్టారు. మా మగవాళ్ళే ఓడ కాపలావాళ్ళు. మీసం బాగుందని పెద్దకాపును వాళ్ళకు నాయకుణ్ణి చేసి, నెత్తిన పొడుగు టోపీ పెట్టారు.

"మామా, టోపీ గాలికి పోతాది, గడ్డం కింద తాడు కట్టుకో" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. మా వైపు చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ మీకు మా సముద్రం మాట ఒకటి చెప్పాలి. దురాయి కన్నా పాతది. నీళ్ళలో మనిషి కనపడితే, పగవాడైనా సరే, చూసినవాడు "మడిసీ" అని అరవాలి, చేతికందిన తాడు విసరాలి. చూసి ఊరుకున్నవాడికి సముద్రం మళ్ళీ దారి ఇవ్వదు. మా పిల్లలు నడక నేర్చేటప్పుడే ఇది నేర్చుకుంటారు.

డైరెక్టరు చెయ్యి ఊపాడు. కెమెరా తిరిగింది. ఆ పిల్ల చేతులు ఆడిస్తూ పడవ వైపు కదిలింది. ఒక అల వచ్చి మెడ మీద రంగు కడిగేసింది, తెల్లగా తళుక్కుమంది. అంతే.

"మడిసీ! నీళ్ళల్లో మడిసీ!" పడవ మీద అందరూ ఒకేసారి అరిచారు. తాళ్ళు ఎగిరి ఆ పిల్ల నెత్తిన పడ్డాయి.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. "మీకు ఆమె కనపడకూడదయ్యా!"

"కనపడతా ఉంటే ఏం చేసేది సారూ?"

"కనపడనట్టు నటించండి!"

మళ్ళీ రంగు పూశారు. మళ్ళీ అల కడిగింది. మళ్ళీ తాళ్ళు ఎగిరాయి. వాళ్ళు కావాలని చేయడం లేదు, చెయ్యి ఆగడం లేదు. పొద్దు పడమటికి జారిపోతోంది. పెద్దకాపు మొహం కందగడ్డలా అయింది. పడవ మీదినుంచే కేక పెట్టాడు.

"వినండిరా! ఇది కూడా దురాయిలోదే. ఈసారి నోరు తెరిచినా, తాడు విసిరినా, నిప్పూ నీళ్ళూ లేవు!"

పడవ మీద సద్దు ఆగిపోయింది. తాళ్ళు కింద పెట్టారు. పళ్ళు బిగించి, ఆ పిల్ల ఉన్న వైపు తప్ప మిగతా సముద్రమంతా చూస్తూ నిలబడ్డారు. ఒకడైతే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆ పిల్ల మూడోసారి దిగింది. బాగానే కదిలింది. ఇంతలో పెద్ద అల ఒకటి వచ్చి వెనక్కి లాగింది. మా ఒడ్డున ఆ లాగుడు పైకి తెలియదు, కాళ్ళ కింద ఇసుకను ఊడ్చుకుపోతుంది. ఆ పిల్ల కాలు తప్పింది. మునిగింది, లేచింది, చేతులు కొట్టుకుంది.

"బాగుంది, బాగుంది, అలాగే!" అన్నాడు డైరెక్టరు. నటిస్తోందనుకున్నాడు.

మాకు తెలుసు అది నటన కాదని. పడవ మీదివాళ్ళకూ తెలుసు, వాళ్ళ మెడలు బిగుసుకుపోవడం ఒడ్డునుంచే కనపడుతోంది. ఒక్కరూ తిరగలేదు. దురాయి. నేను చంకలో ఏడుస్తున్న బిడ్డ మొహాన్ని పమిటలో దాచాను. ఇప్పుడు అరిచినవాళ్ళ ఇల్లు ఆరిపోతుంది. అందరికన్నా ముందు ఆరిపోయేది మాదే.

"మడిసీ!"

మా ఆడబిడ్డ గొంతు. ఒడ్డంతా అదిరిపోయేలా అరిచింది. మా ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయాడు, విదిలించుకుంది. చీర ఎగగట్టి నీళ్ళలో పడింది. పడిందాకా చూశాం, ఆ తర్వాత మాకు కనపడలేదు. వాటారిన ఎండ తొలగిపోయి సముద్రం తారులా ఉంది. మా అత్త "యాడమ్మా, యాడే" అంటూ ఇసుకలో కూలబడింది. పడవ మీద కూడా అందరూ తిరిగి చూస్తున్నారు, వెతుకుతున్నారు. తెల్లగా ఆ పిల్ల చెయ్యి ఒక్కటే పైన ఆడుతోంది. ఆ చెయ్యీ మునిగింది.

ఎంతసేపో చెప్పలేను. అల విరిగినచోట రెండు తలలు లేచాయి. మొదటి తాడు విసిరింది పెద్దకాపే. టోపీ నీళ్ళలో పడి కొట్టుకుపోయింది, ఆయన పట్టించుకోలేదు.

ఒడ్డున ఆ పిల్ల ఉప్పునీళ్ళన్నీ కక్కింది. సగం మొహం నలుపు, సగం తెలుపు. మా ఆడబిడ్డ మెడను వాటేసుకుని వదల్లేదు.

"కదలమాక. నీ రంగు తుడుస్తాను. నీది తుడిస్తే పోయేదే" అని పమిటతో మొహం తుడిచింది మా ఆడబిడ్డ.

"అక్కా, నేను మళ్ళీ దిగను. చంపినా దిగను" అని వణికిపోయింది ఆ పిల్ల.

పెద్దకాపు పడవ దిగి వచ్చాడు. అందరూ దారి వదిలారు. మా ఆయన అక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు, ఏదో చేయగలడని కాదు, ఊరికే నిలబడ్డాడు. పెద్దకాపు మేనకోడలి ముందుకు వచ్చి ఆగాడు.

"దురాయి దాటింది ఇది" అన్నాడు. "దాటకుండా నిలబడింది నేను. నా కళ్ళతో చూసి, నోరు మూసుకున్నాను. దీని ఇంటికి నిప్పు ఆపితే నా ఇంటికి సముద్రమే ఆగిపోవాల." ఇసుక పిడికెడు తీసి పక్కకు విసిరేశాడు. "దురాయి విప్పేసినాను. ఇంక ఎవురూ దీని మాట ఎత్తబాకండి."

మా అత్త అన్న కాళ్ళ మీద పడబోతే, "ల్యా ల్యా, నీ కూతురి ముందర నన్ను ఇంకా చిన్నబుచ్చబాక" అని లేపాడు.

డైరెక్టరు దగ్గరకొచ్చి మా ఆడబిడ్డతో మెల్లగా అన్నాడు. "అమ్మా, ఒక్క షాటు తీస్తాను. నీ మొహమే. కాస్త దూరం నుంచి."

ఆమె జుట్టు పిండుకుంటూ ఆలోచించింది. ఆశ లేదని అనను, ఆమె కళ్ళు నాకు తెలుసు. "దూరం నుంచైతే ఎవురైనా ఒకటే సారూ. దానికి నేనెందుకు?" అంది. ఆయన తల వంచుకుని వెళ్ళాడు. సామాను సర్దుకుని మర్నాడే కార్లు వెళ్ళిపోయాయి. మిగతాది మద్రాసులో తొట్టిలో నీళ్ళు పోసి తీశారని తర్వాత విన్నాం. ఆ సినిమా కావలిలో డేరాలో ఆడింది. తెల్లగా వెన్నెల్లాంటి అవ్వ ఓడ ముందే ఈదింది, ఒక్కడూ చూడలేదు. మావాళ్ళు కిందామీదా పడి నవ్వారు. మా ఆడబిడ్డ నవ్వలేదు, చివరిదాకా చూసి లేచింది.

ఆ తర్వాతి ఏడాది మా ఆయన కొత్త పడవ దించాడు. కథ చెప్పడానికి మా అత్త కూర్చోబోతే, పెద్దకాపు వచ్చి, "చెల్లా, నువ్వు జరుగు. ఈసారి అది చెప్పాల" అన్నాడు. మా ఆడబిడ్డ చెప్పింది. అవ్వ నలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగి, చుట్టూ కూర్చున్న ఆడపిల్లల్ని ఒక్కొక్కరినీ చూసింది. వాళ్ళలో అందరికన్నా నల్లటిదాన్ని ముందుకు పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అప్పటినుంచీ మా పాలెంలో కథ అట్లానే చెబుతున్నారు.

పొద్దుపోయింది, ఇక లేవండి. మీ ఇంట పుట్టిన ఆడబిడ్డ ఏ రంగుదైనా నడిమింట కూర్చుని నవ్వాలి. మీ వాళ్ళు ఏ నీళ్ళ మీదికి పోయినా వాళ్ళను చూసి అరిచే గొంతు ఒకటి ఒడ్డున ఉండాలి. మీ కోడళ్ళూ మనవలూ చల్లగా ఉండాలి, తల్లీ.