చిలకమ్మ ఊడదీసిన పాలపళ్ళు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పాలపన్ను కదిలిన ఏ పిల్లకైనా చివరికి చిలకమ్మ అరుగు తప్పేది కాదు. చిలకమ్మ డాక్టరూ కాదు, నర్సూ కాదు. కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైన తవిటయ్య పెళ్ళాం. చీపురుపల్లి నుంచి కాపురానికొచ్చినప్పుడు సారె సామానుతో పాటు గట్టి నోరు కూడా తెచ్చుకుంది. ఆ నోటితోనే ఊళ్ళో పిల్లల నోళ్ళు తెరిపించేది.

ఆమె పనిముట్టల్లా పూలు కట్టే దారం. పుచ్చుపళ్ళ జోలికి వెళ్ళేది కాదు. ఖరిదా బజారు మిఠాయిలు తిని దవడపళ్ళు నల్లగా చేసుకున్న పిల్లల్ని తెస్తే, "ఇది నా సేతిలో పని కాదు. ఆస్పత్రికి ఎత్తుకెళ్ళండి. ముందల ఆ బతాసాల పొట్లం దాసీండి" అని తల్లుల్ని తిట్టి పంపేది. కదిలే పాలపన్ను మాత్రం ఆమె సొత్తు.

మధ్యాహ్నం కార్ఖానాలో భోజనాల సైరన్ మోగడానికి కాస్త ముందు పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, పంటికి దారం ముడేసి, రెండో కొస తన వేలికి చుట్టుకునేది.

"బయపడకమ్మా. సైరన్ కొట్టినాకే లాగుతాను. అందాకా లాగితే ఒట్టు."

బెంగాలీ పిల్లలైతే అదే ఒట్టు తనకొచ్చిన హిందీలో వేసేది. రైల్వే పిల్లలకి సైరన్ మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. నాన్న వెళ్ళేదీ, నాన్న వచ్చేదీ దాన్ని బట్టే. కాబట్టి అది మోగేదాకా తమకేం ఫర్వాలేదనుకుని దవడ వదులు చేసేవారు. సరిగ్గా అప్పుడే చిలకమ్మ వేలు చటుక్కున కదిలేది. సైరన్ మోగేసరికి పన్ను పేడముద్దలో చుట్టుకుని ఇంటికప్పు మీద పడి ఉండేది. దగాపడ్డ పిల్లలు ఆ గుట్టు ఎవరికీ చెప్పేవారు కాదు. తమతో పాటు పక్కింటివాడు కూడా మోసపోకపోతే వాళ్ళకేం సరదా?

గుట్టు ముందే తెలిసిన పిల్ల ఒక్కతే. మనవరాలు అప్పలకొండ. ఏడేళ్ళుగా ఆ అరుగు మీదే పెరిగి, మామ్మ ఒట్లన్నీ తీసి గట్టున పెట్టడం కళ్ళారా చూసింది. ఇప్పుడు దాని కింది ముందుపన్నే కదులుతోంది, ఊడిరావడం లేదు. దాని వెనకే కొత్తపన్ను వంకరగా తల ఎత్తింది. "రేపు పళ్ళ డాక్టరు కాడికి తీసుకుపోతాను" అన్నాడు తండ్రి జగ్గారావు. డాక్టరు పేరు వినగానే పిల్ల మంచం కిందికి దూరింది.

చిలకమ్మకి అన్నం దిగలేదు. పిల్ల పలువరస చెడుతుందన్న దిగులు ఒకటి. ఊరందరి పళ్ళూ పీకి సొంత మనవరాలిని డాక్టరుకి అప్పగిస్తే ఇక తన అరుగు ఎవరెక్కుతారన్న సిగ్గు ఒకటి. రెండోదే కాస్త ఎక్కువ, దాచడమెందుకు?

మంచం కింద బేరం కుదిరింది. "దారం కట్టించుకుంటాను గానీ నీ సెయ్యి నేను పట్టుకుంటాను" అంది అప్పలకొండ.

"అలాగే పట్టుకోవే. సైరన్ కొట్టినాకే లాగుతాను."

"ఆ ఊసు నాకాడ సెప్పకు మామ్మా, నాకెరికే!"

అరుగు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పిల్ల రెండు చేతులతో మామ్మ మణికట్టు పట్టేసుకుని, రెప్ప వెయ్యకుండా ఆ వేలినే చూస్తోంది. చిలకమ్మ దగ్గింది, పట్టు బిగిసింది. "అదిగో కాకి" అంది, పిల్ల కాకిని చూడలేదు. ఇంకేం చెయ్యాలో ముసలిదానికి తోచలేదు. నా బతుకులో నాకెదురైన మొగుడు ఇదే అనుకుంది, మురిపెంగానే.

ఇంతలో సైరన్ మోగింది.

అప్పలకొండ మొహం చాటంతయింది. గండం గడిచిపోయింది! మామ్మ ఓడిపోయింది! మణికట్టు వదిలేసి చప్పట్లు కొడుతూ, "ఓడిపోనావు, ఓడిపోనావు!" అని నోరంతా తెరిచి అరిచింది.

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. చిలకమ్మ వేలు కదిలింది.

పన్ను దారానికి వేలాడుతోంది. అప్పలకొండ దాన్ని చూసింది, నాలుకతో కొత్త సందు తడుముకుంది, అప్పుడు ఏడుపు లంకించుకుంది. నొప్పికి కాదు.

"మోసం! సెప్పినట్టే సేసీసినావు! నిజం సెప్పి నన్ను మోసం సేసినావు మామ్మా!"

ఆ ఊళ్ళో చిలకమ్మ మీద అలాంటి నింద పడటం అదే మొదటిసారి.