మామిడి రొట్టెకు మెత్తటి ఇసుక

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదు. పద్దెనిమిదేళ్ళ వయసు, చేతిలో ఫోను, ఫోనులో వంట వీడియోలు. మనిషికి ఇంతకంటే చదువెందుకు అనుకునేవాణ్ణి. బెంగళూరులో బేకరీ కోర్సులో చేరాలని నా పట్టుదల. తాత కేజీఎఫ్ బంగారు గనిలో దిగినవాడు, నాయన ఫ్యాక్టరీలో చెమటోడ్చేవాడు, మూడో తరంవాడు రొట్టెలు కాలుస్తానంటాడేమిటని ఇంట్లో బాధ. ఐటీఐ చెయ్యమని పోరి పోరి, చివరికి ఒక ఆదివారం నాయన, "ఒగసారి చేసి చూపించు. బాగుంటే ఫారం మీద సంతకం పెడతా" అన్నాడు. ఆ సంతకం పడకపోతే నా బతుకు వెల్డింగు రవ్వల పాలే.

శ్రీనివాసపురం నుంచి మేనత్త బస్సులో పంపిన మామిడిపళ్ళు అప్పటికే మగ్గిపోయి, తొడిమల దగ్గర నల్లబడ్డాయి. అమ్మ పారేయబోతుంటే అడ్డుపడి, గుజ్జు తీసి మైదా, బెల్లం, నెయ్యి కలిపాను. (సోడా ఉప్పు ఎంతో చెప్పే సమయానికి వీడియోలో ప్రకటన వచ్చింది. అందాజుగా వేశాను.) మాకు ఓవెను లేదు. కుక్కరు అడుగున ఇసుక పోసి, దానిమీద గిన్నె పెట్టి కాల్చాలట. ఇసుక మెత్తగా, శుభ్రంగా ఉండాలట. వీధి చివర ఇల్లు కట్టేవాళ్ళ ఇసుకలో గులకరాళ్ళతోపాటు పిల్లులు చేసిన ఘనకార్యాలూ ఉన్నాయి. శుభ్రత తెలిసినవాణ్ణి కనుక సైకిలెక్కి వెళ్ళి, పిండిలాంటి తెల్లటి ఇసుక సంచినిండా తెచ్చాను.

రొట్టె పొంగింది. నిజంగానే పొంగింది. ఆ వాసనకు నాయన నీళ్ళ నెపంతో రెండుసార్లు వంటింట్లోకి వచ్చి వెళ్ళాడు. నేను గర్వంగా మొదటి ముక్క తాత చేతిలో పెట్టాను. ఆయన నోటిదాకా తీసుకెళ్ళి, కుక్కరులోకి చూసి ఆగిపోయాడు.

"ఈ ఇసుక యాడిదప్పా?"

"సైనైడ్ దిబ్బది తాతా. ఒగ రాయి గూడా లేదు."

(బంగారం తీసేశాక మిగిలిన సైనైడు మట్టిని గనివాళ్ళు ఏళ్ళ తరబడి పోసిన గుట్ట అది. చిన్నప్పుడు దానిమీద జారి ఆడుకున్నాం, సినిమావాళ్ళు వచ్చి పాటలు తీసుకునేవాళ్ళు. దాన్ని చూసి భయపడాలని మాకెప్పుడు తోచింది గనుక!)

తాత ముక్కను కింద పెట్టి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. నాయన రొట్టెనూ, ఇసుకనూ, కుక్కరునూ కలిపి పెరట్లో గొయ్యి తీసి పూడ్చాడు. అమ్మ కుక్కరు కోసం ఏడ్చింది, నేను సంతకం కోసం ఏడ్చాను.

సాయంత్రం నాయన ఫారం తెమ్మన్నాడు. చించేస్తాడనుకున్నాను. సంతకం పెట్టి నా వైపు తోశాడు.

"పోయి సరిగ్గా నేర్చుకోని రా. నేర్పకుండా ఇడిస్తే ఇంట్లో అందర్నీ సంపేటట్టుండావు."

ఇప్పుడు ముళబాగిలు హైవే పక్కన నాకొక చిన్న బేకరీ ఉంది. నా ప్రతిభ చూసి నాయన మెత్తబడ్డాడని పెళ్ళైన కొత్తలో మా ఆవిడకు చెప్పుకున్నాను. అమ్మ అసలు సంగతి చెప్పేదాకా ఆమె నమ్మింది కూడా. కొలతలన్నీ కంఠతా వచ్చాయి, రొట్టె మాడడం మరిచిపోయింది. కానీ ఒక్క రొట్టె పొంగితే చాలు, బతుకు మారిపోతుందని పొయ్యి ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ తెలివితక్కువవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడిమీద కాస్త అసూయగా కూడా ఉంటుంది.