ఆదివారం పేషెంటు

మా ఇంగ్లీషు సారు పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను వికారాబాద్‌లో, నేను పనిచేసే ఆసుపత్రిలో, ఒక ముసలామెకు సెలైన్ పెడుతున్నాను. సూది ఎక్కింది, టేపు వేశాను, చుక్కలు సరిచేశాను, ఆ తర్వాతే ఫోన్ ఎత్తాను. "సారు పోయిండు బిడ్డా" అన్నారు అమ్మ. సారు భార్యను నేను అమ్మా అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

వస్తుందని తెలిసిన వార్తే. ఇలాంటి వార్తలు రోజూ ఎవరో ఒకరికి చెప్పేదాన్ని కూడా నేనే. కానీ ఆ రోజు వార్డులో నాకు బదులు నిలబడేవాళ్లు లేరు. సాయంత్రం దాకా బీపీలు చూసి, మాత్రలు పంచి, తాండూరు బండి ఎక్కి దిగేసరికి దహనం అయిపోయింది. సారు ముఖం చివరిసారి చూడలేదు. చూసే హక్కు నాకు ఎంత ఉందో కూడా తెలియదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సారు తాండూరు ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. మేము తెలుగు మీడియం పిల్లలం. నేను బషీరాబాద్ అవతల ఊరి నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా నాన్న గొర్రెలు కాస్తాడు. మా ఊళ్లో సగం మాట తెలుగు, సగం కన్నడం, ఇంగ్లీషన్నది సబ్బు కాగితం మీద తప్ప కనపడేది కాదు. సారు ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పి, దాన్ని పుస్తకం తెలుగులో చెప్పి, చివరికి మా ఇళ్లలో మాట్లాడుకునే మాటలో చెప్పేవారు. ఆ మూడోసారికి అందరికీ అర్థమయ్యేది. "ఇంగ్లీషును చూసి ఎందుకు బుగులు పడ్తరు? అది మిమ్ముల చూసి బుగులు పడ్తలేదు గద" అనేవారు. రిటైరైన తర్వాత కూడా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సుద్దముక్క ఉండేది. అమ్మ ఎన్ని చొక్కాలు దులిపి ఉంటారో లెక్కలేదు.

బడి వదిలాక చాలా ఏళ్లు ఆయన్ను నేను పట్టించుకోలేదు. మళ్లీ అవసరం పడితేనే పట్టించుకున్నాను. ఆ సంగతి ఇది.

బ్రిటన్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసి నన్ను నర్సుగా తీసుకున్నారు. పనితనం ఉన్నవాళ్లకు ఆ దేశం ఇచ్చే వీసా రావాలంటే ఇంగ్లీషు వచ్చని రుజువు చూపించాలి. నర్సింగు నేను ఇంగ్లీషు మీడియంలోనే చదివాను, కాగితం మీద. క్లాసులో పాఠం తెలుగులో, నోట్సు ఇంగ్లీషులో, పరీక్ష బట్టీలో. ఆ సంగతి కాలేజీకి తెలుసు, మాకు తెలుసు, బ్రిటన్ వాళ్లకూ తెలిసినట్టే ఉంది. అందుకే నర్సులకు వేరే పరీక్ష ఉంది.

చదవడం, వినడం, రాయడం గట్టెక్కాను. మాట్లాడటంలో తప్పాను. అక్కడ ఎదుటి మనిషి పేషెంటులా నటిస్తారు. మన చేతికి ఒక కార్డు ఇస్తారు. ఐదు నిమిషాల్లో మనం ఆ మనిషి బాధేంటో కనుక్కోవాలి, ధైర్యం చెప్పాలి, ఏం చేయాలో చెప్పాలి. నేను రోజంతా చేసే పనే. ఇంగ్లీషులో చేయమనేసరికి నాలుక అంగిట్లో అతుక్కుంది. ఉద్యోగమిచ్చినవాళ్లు నాలుగు నెలలు ఆగుతామన్నారు. ఈలోపు ఆ కాగితం చూపించకపోతే ఇంకొకరిని తీసుకుంటామని మర్యాదగానే రాశారు.

ఆ ఉత్తరం వచ్చిన వారమే రైల్లో సారు కనిపించారు. ధారూర్‌లో జనం దిగాక నా ఎదురు సీటు ఖాళీ అయితే వచ్చి కూర్చున్నారు.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"పరీక్షల తప్పిన సార్. ఇంగ్లీషు మాట్లాడుట్ల."

"నువ్వా? క్లాసుల నీ నోరు మూయిపిచ్చుడు నాతోటి కాకపోతుండె" అని నవ్వారు. సంగతంతా విని, "ఆదివారం ఇంటికి రా" అన్నారు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్ల వసారాలో, చల్లటి బండల మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. సారు చేతి గడియారం విప్పి మధ్యలో పెట్టేవారు. ఆయన పేషెంటు, నేను నర్సు. నా దగ్గరున్న పుస్తకంలోని కార్డులన్నీ నెలలోపే అయిపోయాయి. అప్పుడాయన పాత పెళ్లి పత్రికలు చదరంగా కత్తిరించి, వాటి వెనక సొంతంగా కార్డులు రాయడం మొదలుపెట్టారు. ఒక వారం ఎండదెబ్బ తగిలిన కంది రైతు. ఇంకో వారం బండలకు పాలిష్ పట్టి పట్టి దగ్గు పట్టుకున్న మనిషి. ఇంకోసారి నెత్తిన తువ్వాలు కప్పుకొని చెవిటి ముసలమ్మ. ఆ రోజు నేను నవ్వు ఆపుకోలేక పాఠం సగంలో ఆగిపోయింది.

"తొందరపడకు బిడ్డా" అనేవారు, ప్రతి వారం, విసుగు లేకుండా. "పేషెంటు మాట అయినంక రెండు క్షణాలు ఆగు. అసలు మాట గప్పుడే అస్తది." పరీక్షలో నన్ను గట్టెక్కించింది ఆ ఒక్క మాటే.

రెండో నెల సగం నుంచి పేషెంటు మారలేదు. వయసు అరవై ఎనిమిది, రిటైరైన మనిషి. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతుంది. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకోవాల్సి వస్తోంది. విరేచనం నల్లగా అవుతోంది. ఇంట్లో భార్యకు చెప్పలేదు. ఆ మాట ప్రతిసారీ వచ్చేది. "మల్ల గదేనా సార్?" అని నేను అడిగితే, "గిది కష్టమైన కేసు. గిది అస్తే అన్ని అచ్చినట్టే" అనేవారు.

నాకు వచ్చింది కూడా. ఎన్నాళ్లుగా ఉంది, రక్తం పడుతోందా, బరువు ఎంత తగ్గారు అని వరుస తప్పకుండా అడిగేదాన్ని. మీ ఆందోళన నాకు అర్థమవుతోంది అనే వాక్యాన్ని ఎక్కడ పెట్టాలో కచ్చితంగా తెలుసుకున్నాను. ఎండోస్కోపీ అంటే ఏమిటో చిన్న మాటల్లో చెప్పేదాన్ని. ఆయన ఇంగ్లీషులోనే అడిగేవారు. అది నొప్పి పెడుతుందా? చెడ్డది ఏమైనా బయటపడితే ముందు ఎవరికి చెప్తారు, పేషెంటుకా, ఇంట్లోవాళ్లకా? నేను జవాబు చెప్తే, "మంచిగ చెప్పినవ్" అనేవారు. నేను పొంగిపోయేదాన్ని. వెంటనే డాక్టరుకు చూపించుకోండి అని ఆ మనిషికి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పి, కార్డు పక్కన పెట్టి, అమ్మ తెచ్చిన చాయ్ తాగేదాన్ని.

అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మేము మాట్లాడుతుంటే వంటింటి గడప మీద కూర్చుని కంది బేడలు చెరుగుతూ మురిసిపోయేవారు. పాఠం అయ్యాక జొన్న రొట్టె పెట్టేవారు. సారు తన పళ్లెం నా వైపు జరిపి, "నాకియాల ఒక్కపొద్దు" అనేవారు. ప్రతి ఆదివారం ఒక్కపొద్దే. నేను తిన్నాను. రెండు పళ్లాలూ తిన్నాను.

పరీక్షకు ముందు ఆఖరి ఆదివారం సారు కార్డు చూసుకోకుండానే మాట్లాడారు. అదే పేషెంటు. మాట మాటకీ మధ్య ఆయాసం. ఎంత బాగా చేస్తున్నారు అనుకున్నాను. చివర్లో, నాకు భయంగా ఉంది అని ఇంగ్లీషులో అని ఆగిపోయారు. నేను రెండు క్షణాలు ఆగాలి. ఆగలేదు. గడియారం వైపు చూసి, "సార్, టైం అయిపోయింది" అన్నాను.

"అవును గద" అని ఆయన గడియారం తీసి చేతికి పెట్టుకున్నారు. అది మణికట్టు దగ్గర నిలవక మోచేతి దాకా జారింది. నేను చూశాను. నర్సును, చూశాను. చూసి, పట్టీ మార్పించుకోవాలి అనుకున్నాను.

పరీక్ష గట్టెక్కాను. మంచి గ్రేడే వచ్చింది. ఆ పరీక్షలో పేషెంటు మనసులో మాట పట్టుకున్నందుకు కూడా మార్కులు ఉంటాయి. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

చదువుకునే పని లేదు కాబట్టి మూడు వారాలు తాండూరు వెళ్లలేదు. ఫలితం వచ్చిన రోజు మిఠాయి పొట్లం పట్టుకొని వెళ్లాను. సారు వసారాలో గోడకు ఆనుకొని కూర్చున్నారు. కళ్లు పచ్చగా ఉన్నాయి. పుస్తకంలో చదివిన పచ్చ కాదు, పసుపు నీళ్లలో ముంచినంత పచ్చ. పొట్లం చేతిలోనే ఉండిపోయింది.

"ఎప్పటి సంది సార్ గిట్ల?"

ఆయన నా వైపు చూశారు. కోపం లేదు. తప్పు చేసిన పిల్లకు మళ్లీ ఒకసారి చెప్పినట్టు, "నీకు చెప్పిన గద బిడ్డా" అన్నారు.

హైదరాబాద్ తీసుకెళ్లాం. కడుపులో పుట్టింది కాలేయానికి పాకిందన్నారు. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అన్నారు డాక్టరు. ఆ వాక్యం నేనూ చాలామందికి చెప్పాను. అది జాలితో అనే మాటని నాకు తెలుసు. తర్వాత రెండున్నర నెలలు సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి మందులు చూశాను, పక్క మార్చాను, నోరు తడిపాను. ఆయన ఆ ఆదివారాల ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంగ్లీషులోనే ఎందుకు చెప్పారో చాలాసార్లు ఆలోచించాను. తెలుగులో చెప్తే అది తన జబ్బయిపోతుంది. ఇంగ్లీషులో అయితే కార్డు మీది మనిషిది. ఆ మనిషి తరఫున ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు, భయపడొచ్చు కూడా. నేను డాక్టరు దగ్గరికి లాక్కెళ్తానని చూశారా, లాక్కెళ్లనని తెలిసే నాకు చెప్పారా, అది మాత్రం తేలదు. రెండోదే అని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. అలా చెప్పుకోగానే సిగ్గు వేస్తుంది. మూడుసార్లు చెప్తే గాని మాకు అర్థం కాదని ఆయనకు తెలుసు. ఈసారి ఒక్క భాషలోనే చెప్పారు.

వీసా వచ్చింది. వచ్చే నెల వెళ్తున్నాను. మానుకుంటే సారు తిట్టేవారని చెప్పడం సులువు. నిజమేమిటంటే నాకు వెళ్లాలనే ఉంది. నా నోట్లో ఉన్న ఇంగ్లీషు ఆయన పెట్టిందే. అక్కడ ఏ పేషెంటు దగ్గర నిలబడినా దానితోనే నిలబడతాను. ఆ రుణం ఒప్పుకోవడానికి నాకు ఏ నామోషీ లేదు.

పదో రోజు వంటలు అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, అమ్మ నన్ను వసారాలో కూర్చోబెట్టారు.

"ఆదివారాలు మీరిద్దరు మస్తు మాట్లాడుతుంటిరి గద. ఏం మాట్లాడుతుంటిరి బిడ్డా?"

పరీక్ష ముచ్చట అమ్మా అని దాటేయొచ్చు. దాటేయలేదు. ఆ పేషెంటు గురించి మొత్తం తెలుగులో చెప్పాను. ముద్ద దిగకపోవడం, బెల్టు బెజ్జాలు, నల్లటి విరేచనం. నాకు తెలియలేదు అమ్మా, నటిస్తున్నారనుకున్నాను అని చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చెంపకు చేయి ఆనించుకొని విన్నారు.

"గవన్ని నేను ఇనుకుంటనే ఉంటి. ఈ వయసుల గూడ ఎంత మంచిగ మాట్లాడుతుండు అని మురుస్తుంటి" అన్నారు. నా వైపు జరిగి, "ఆయన అన్నట్టే అను. ఇంగ్లీషుల" అన్నారు.

అన్నాను. ఒక్కో వాక్యం ఆయన పలికిన తీరులోనే, ఆయన ఆగిన చోట ఆగుతూ. నాలుగో వాక్యమో ఐదో వాక్యమో అవగానే అమ్మ నా మోకాలి మీద చేయి వేసి ఆపారు.

"గీ మాట. గీ మాట నేను మస్తు సార్లు ఇన్న. పొయ్యి కాడికి గూడ ఇనపడుతుండె. గిదేంది?"

ఐ హ్యావ్ నాట్ టోల్డ్ హర్.

"ఆమెకు చెప్పలేదు అని, అమ్మా."

అమ్మ ఆ ఐదు ముక్కలనూ ఒక్కొక్కటిగా, మెల్లగా పలికి చూశారు, తప్పుపోతే దిద్దమన్నట్టు నా ముఖం వైపే చూస్తూ.