నేను రాసిన ముఠా

తొంభైల నడుమ నేను పటాన్‌చెరులో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌ని. జీతం లేని ఉద్యోగమే గానీ, స్కూటర్ మీద ‘ప్రెస్’ అని రాయించుకున్నాక నా నడకే మారిపోయింది. వార్తలు రాసి కవర్లో పెట్టి సంగారెడ్డి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ణి. తెల్లారేసరికి నా మాటలు హోటళ్లలో చాయ్ కప్పుల పక్కన ఉండేవి. కళ్లు నెత్తికెక్కిన రోజులవి.

మా ఊరు పాశమైలారం ఫ్యాక్టరీల వెనక. సగం పొలం ఇండస్ట్రియల్ ఎస్టేటు కిందికి పోగా, మిగిలిన దాంట్లో నాన్న వరి వేసేవాడు. పెరట్లో వరసగా గదులు కట్టి కిరాయికిచ్చాడు. చివరి గదిలో ఒరిస్సా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. అతనిది మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించే పని. నాన్నకు మోకాళ్లు పట్టేశాక, పగటి పూట కరెంటిచ్చే వారాల్లో అతనే మొదటి షిఫ్టు దిగి వస్తూ మా బోరు దగ్గర ఆగి మోటరు వేసేవాడు. స్టార్టర్ డబ్బా తాళంచెవికి ఎర్రదారం కట్టి అతనికే ఇచ్చాడు నాన్న. నాకివ్వలేదు. నాకు పొలం మీద ధ్యాస లేదని ఆయన కోపం.

ఒకసారి ఊరి శివార్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగితీగ ఎత్తుకుపోయారు. స్టేషన్‌లో అడిగితే ఇంకా ఏమీ తెలియదన్నారు. తెలియదని రాస్తే అదేం వార్త? ఎక్కడ దొంగతనం జరిగినా చివర్లో ఆ ఒక్క ముక్క తగిలించడం మా విలేకరులందరికీ అలవాటే, కూరలో ఉప్పు వేసినట్టు. ‘బీహారీ ముఠా పనేనని అనుమానం’ అని రాసి కవరు బస్సెక్కించాను. అనుమానించింది ఎవరని డెస్కులో ఎవరూ అడగలేదు. పైగా దాన్నే హెడ్డింగ్ చేశారు. అచ్చులో చూసుకుని మురిసిపోయాను, అబద్ధమెందుకు.

వారం తిరగకముందే, ఒక మధ్యాహ్నం నేను చాయ్ తాగుతుంటే మా ఊరివాడొకడు సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు.

“అన్నా, జల్దీ రా! నువ్వు రాసిన ముఠాల ఒకడు దొరికిండు. కెమెరా తెచ్చుకో.”

తెచ్చుకున్నాను. ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వనిది అదే. ముందు ఇంటికెళ్లి, కెమెరాలో రీలుందో లేదో చూసుకుని, తల దువ్వుకుని మరీ వెళ్లాను.

మా పొలమే. మా బోరే. కరెంటు స్తంభానికి కట్టేసి ఉన్నాడు మా చివరి గది మనిషి. కంపెనీ చొక్కా చిరిగిపోయింది. కుడి చెయ్యి వేలాడుతోంది. “మాలిక్ నే బోలా... మాలిక్ నే బోలా” అని, యజమానే చెప్పాడని ఒకటే మాట.

మా దూరపు బంధువు ఒక పెద్దాయన నా అరచేతిలో తాళంచెవి పెట్టాడు. “సూడు బిడ్డా, దొంగ తాళంచెవి గూడ జేయించుకున్నడు.”

ఎర్రదారం అలాగే ఉంది.

“మా మనిషే! ఇది మా నాయిన ఇచ్చిన తాళంచెవి!” అని అరిచాను.

“మరి బీహారోళ్లని నువ్వే గదా రాసినవ్?”

“ఈయనది ఒరిస్సా” అన్నాను.

ఎంత సిగ్గులేని జవాబు! బీహార్ నుంచి వచ్చినవాడైతే కొట్టొచ్చన్నట్టు.

ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టించాం. మూడో రోజే వాళ్లు గది ఖాళీ చేశారు. ఆటో ఎక్కే ముందు అతను నన్నడిగాడు: “భయ్యా, పేపర్ల ఏం రాసి ఉండె?”

“ఏం లేదు” అన్నాను. నాన్న పక్కనే ఉన్నాడు.

నెల తర్వాత అసలు దొంగలు దొరికారు. ముగ్గురూ మా ఊరి పిల్లలే. ఆ వార్తా నేనే రాశాను, ‘ముగ్గురు యువకుల అరెస్ట్’ అని. ముఠా అన్న మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఊరి పేరూ పెట్టలేదు.

కొత్తవాళ్లకు గది ఇవ్వాలని తలుపు తీసిన రోజు, గూట్లో పరిచిన పేపరు కనిపించింది. నా వార్తే. అతని భార్యకు తెలుగు చదవడం రాదు, కాగితం శుభ్రంగా ఉందని పరుచుకుంది. హెడ్డింగ్ మీద బియ్యం డబ్బా పెట్టిన గుండ్రటి మరక. ఆ పేపరు మీద వాళ్లు రోజూ అన్నం గిన్నెలు పెట్టుకున్నారు. గబగబా దాన్ని తీసి మడవబోయాను.

నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయనకూ చదువు రాదు.

“సదువు” అన్నాడు.

“ఎందుకు నాయినా...”

“గాయన అడిగితె ఏం లేదంటివి గదా. ఇప్పుడు సదువు.”

చదివాను. ‘బీహారీ ముఠా పనేనని అనుమానం’ దాకా.

“నీకెవలు జెప్పిండ్రు?”

“ఎవలూ జెప్పలే.”

బోరు దగ్గర నా చేతికొచ్చిన రోజు నుంచీ నా జేబులోనే ఉన్న తాళంచెవి కోసం నాన్న చెయ్యి చాపాడు.